అత్త అందుకునే చోటు

మా ఊరి భజన మండలిలో నా పని పాట అందుకోవడం. ముందు పాడే మనిషి పాటలో ఒక వరస పాడి ఆగుతుంది. ఆ ఆగిన చోట మండలి అంతా అదే వరసను తిరిగి పాడాలి. అందరికంటే ముందు నోరు తెరిచేది నేను. నేను అందుకుంటేనే తక్కిన పదిమందీ నా వెనకాల వస్తారు. ఏ శనివారమైనా నేను జ్వరంతో పడుకున్నానంటే దూలయ్య డోలక్ ఒక దారి, జనం గొంతులు ఇంకో దారి పోతాయి. గొప్పలు చెప్పుకోవడం కాదు, కావాలంటే దూలయ్యనే అడగండి. అతనికి నేనంటే పడదు, అయినా ఈ మాట ఒప్పుకుంటాడు.

పెళ్లయిన మూడో ఏడే మా ఆయన పోతే అన్న వెంకటప్పయ్య ఇంటికి తిరిగొచ్చాను. పినపాకకు అవతల, అడవి గోదావరి దాకా దిగివచ్చే చోట మా ఊరు. మా తాత కృష్ణా జిల్లా నుంచి బండ్లు కట్టుకొని వచ్చి ఇక్కడ మిరపతోటలు వేశాడట. అన్న ఇంట్లో నాకు తిండికి లోటు లేదు, మాటకే లోటు. కాయలు ఏ రోజు కోయించాలో, ఇంటికి సున్నం ఎప్పుడు వేయించాలో ఎవరూ నన్ను అడగరు. అలాంటి మనిషికి శనివారం సాయంత్రం రామాలయం వసారాలో గంటసేపు గొంతెత్తి పాడే వీలు దొరికితే వదులుకుంటుందా? నేనూ వదల్లేదు. అన్న మాత్రం ఆ వసారా మెట్టు కూడా ఎక్కడు. పాట పనిలేనివాళ్ల పని అంటాడు.

అలాంటి అన్న కడుపున ప్రమీలారాణి పుట్టింది. వదిన పురిట్లోనే పోతే పిల్ల నా చేతుల్లో పెరిగింది. పదేళ్లకే మా మండలిలో ముందు పాడే చాప మీద కూర్చుంది. ఆ ఏడే వెంకటరామారావు మాస్టారు, మణుగూరు బొగ్గు గనిలో ఉద్యోగం చేసే కొడుకు దగ్గరికి వచ్చి చేరాడు. కోస్తా ఊళ్లలో పిల్లలకు సంగీతం చెప్పి చెప్పి అలిసిపోయిన మనిషి. వారానికి రెండుసార్లు పిల్లను బస్సులో ఆయన దగ్గరికి తీసుకుపోయేదాన్ని. ఎనిమిదేళ్లు తీసుకుపోయాను.

మాస్టారుకి ఆయాసం. ఒక వరస పాడి ఆగేవాడు, ప్రమీల దాన్ని తిరిగి పాడేది. శనివారం అదే వరస మాకు పాడి తాను ఆగేది, అప్పుడు మేం పాడేవాళ్లం. మోహనలో రాముడి మీద కీర్తనైనా, కల్యాణిలో అమ్మవారి మీద కీర్తనైనా మా ఊళ్లో ఇదే పద్ధతి. వెనక దూలయ్య డోలక్, టైలర్ వజీర్ హార్మోనియం. ఒక పాటను మొదటి నుంచి చివరిదాకా ఒక్క మనిషే ఆగకుండా పాడటం మేమెవరమూ చూడలేదు. అలా పాడేటట్టయితే మిగతావాళ్లు ఎందుకు కూర్చున్నట్టు?

ప్రమీలకు పద్దెనిమిది నిండాక మాస్టారు ఒకరోజు బస్సెక్కి మా ఇంటికే వచ్చాడు. హైదరాబాదు చిక్కడపల్లిలో తన శిష్యురాలు మంగతాయారు ఉందని, పెద్ద కచేరీలు చేసే మనిషని, పిల్లను ఆమె దగ్గర చేర్చమని అన్నతో చెప్పాడు.

"పాటకేంది మాస్టారూ, ఇక్కడ పాడుతనే ఉన్నది గద" అన్నాడు అన్న.

"ఇక్కడ పాడితే మీ ఊరు వింటుందయ్యా. ఈ గొంతు మీ ఒక్క ఊరికి సరిపెట్టేది కాదు" అన్నాడు మాస్టారు ఆయాసపడుతూ.

అన్న మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ప్రమీల ఆ మూడు రోజులూ అన్నం కెలికి లేచిపోయింది. నాలుగో రోజు అన్న కల్లం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూ, గోడతో చెప్పినట్టు చెప్పాడు.

"రుక్మిణి తోడు పోతే పంపుత. అది అక్కడ ఉన్నన్ని రోజులే పిల్ల ఉండాలె. అది తిరిగొచ్చిందంటే పిల్ల గూడ రావాలె."

నన్ను అడగలేదు చూశారా. అడిగినా అవ్ అనేదాన్నే.

కొత్తగూడెంలో రైలెక్కి హైదరాబాదు పోయాం. మంగతాయారు గారిది పాతకాలపు ఇల్లు, ముందు వసారా, లోపల పెద్ద హాలు, వెనక పెరడు. నన్ను వసారాలో బల్ల మీద కూర్చోమని ప్రమీలను లోపలికి పిలిచారు. తంబురా మోగింది. నీకు బాగా వచ్చిన కీర్తన పాడమ్మా అన్నారు. ప్రమీల మోహన ఎత్తుకుంది.

మొదటి వరస పాడింది. గొంతు ఎక్కడా వణకలేదు. ఆగింది. కిటికీలోంచి నాకు ఆమె చెయ్యి కనిపిస్తోంది. ఒడిలో తాళం వేస్తూనే ఉంది, అరచేయి, చిటికెన వేలు, ఉంగరం వేలు, నడిమి వేలు. లోపల తంబురా తప్ప వేరే చప్పుడు లేదు. నా నోరు ఎలా తెరుచుకుందో నాకు ఇప్పటికీ తెలియదు. బల్ల మీదనుంచే అందుకున్నాను. మా రామాలయంలో ఎంత గట్టిగా అందుకుంటానో అంత గట్టిగా. ఎదురింటి మేడ మీద బట్టలు ఆరేస్తున్న ఆవిడ తొంగిచూసింది. ప్రమీలకు అదేమీ వింతగా తోచలేదు. నేను ముగించగానే రెండో వరస ఎత్తుకుంది. ఆగింది. నేను మళ్లీ అందుకున్నాను. మూడో వరస దగ్గర మంగతాయారు గారు వసారాలోకి వచ్చేశారు.

"ఎవరండీ పాడుతున్నది?"

"నేనేనండీ. పిల్ల మేనత్తను."

"మీరెందుకు పాడుతున్నారు?"

"పిల్ల ఆగింది గదండీ" అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, లోపలికి తీసుకెళ్లి ఒక మూల కూర్చోబెట్టారు. నోటి మీద చెయ్యి పెట్టుకోమన్నారు. బళ్లో పిల్లలా పెట్టుకున్నాను. ప్రమీలను మళ్లీ పాడమన్నారు. ప్రమీల ఒక వరస పాడటం, ఎనిమిది దెబ్బల తాళం ఖాళీగా వేయడం, తర్వాతి వరస ఎత్తుకోవడం. ఆ ఖాళీ అయ్యేంతసేపూ నా దవడలు నొప్పి పుట్టాయి.

"సాహిత్యం మర్చిపోయావా అమ్మా?"

"లేదండీ."

"మరి ఎందుకు ఆగావు?"

ప్రమీలకు ప్రశ్నే అర్థం కాలేదు. నా వైపు చూసింది. "వాళ్లు పాడాలె గదండీ" అంది.

"వాళ్లంటే ఎవరు?"

పిల్ల పేర్లు చెప్పడం మొదలుపెట్టింది. "అత్త, ఆదెమ్మ, పోతయ్య, దూలయ్య..."

మంగతాయారు గారు నవ్వలేదు. నవ్వి ఉంటే నేను ఆ రోజే పిల్లను తీసుకొని రైలెక్కేదాన్ని. తంబురా గోడకు ఆనించి నెమ్మదిగా చెప్పారు. "గొంతు బాగుంది. తాళం ఇంకా బాగుంది. కానీ ఈ ఆగడం ఉంటే కచేరీ చేయలేవు తల్లీ. సభలో ఆగితే మర్చిపోయిందనే అనుకుంటారు. నెల రోజులు చూస్తాను. నెలాఖరుకు ఒక కీర్తన పల్లవి నుంచి చివరిదాకా ఆగకుండా పాడితే నా దగ్గరే ఉంచుకుంటాను. లేకపోతే ఊరికి వెళ్లి మీ మండలిలోనే పాడుకో. అదేమీ తక్కువ కాదు."

తక్కువ కాదన్నప్పుడు ప్రమీల కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ పిల్లకు కచేరీ పాట ఎంత కావాలో నాకు అప్పుడే తెలిసింది.

పెరట్లో ఒక గది మాకు కిరాయికిచ్చారు. పొద్దున్నే హాల్లో పాఠం, గదిలో నా వంట. పాఠం వినిపించకుండా ఉండదు. ఆవిడ చేయని ప్రయత్నం లేదు. తానే పక్కన కలిసి పాడారు, ఆగబోయే ముందు తొడ మీద చరిచారు, వరసలను రెండేసి చొప్పున ముడిపెట్టి నేర్పారు. రెండు వరసలు బాగానే పోయేవి, మూడోదాని చివర పిల్ల ఆగేది. నేను చెంగు నోట్లో కుక్కుకొని బియ్యం కడిగేదాన్ని. పెదవులు కదిలేవి, గొంతు మాత్రం రానిచ్చేదాన్ని కాదు.

ఇక్కడొక నిజం చెప్పాలి. హైదరాబాదు నాకు బాగుంది. ఎవరి మిరపకాయలూ లేవు. కూర ఏం వండాలో నేనే అనుకునేదాన్ని, నేనే వండేదాన్ని. కొళాయి దగ్గర పరిచయమైనవాళ్లు రుక్మిణమ్మ గారూ అని పిలిచేవారు. మా ఊళ్లో నన్ను వెంకటప్పయ్య చెల్లెలు అనేవాళ్లే గానీ పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. ఇంకో నిజం కూడా ఉంది. పిల్ల ఆగినప్పుడల్లా పైకి అయ్యో అనుకున్నా, లోపల కొంచెం తృప్తిగా ఉండేది. నన్ను మర్చిపోలేదు కదా అని.

పద్దెనిమిదో రోజు అన్నకు రాసిన ఉత్తరం పోస్టులో వేయడానికి వెళ్లాను. తిరిగొస్తుంటే వీధి మొదట్లోనే ప్రమీల గొంతు వినిపించింది. గేటు దగ్గర నిలబడ్డాను. పల్లవి అయింది. అనుపల్లవి అయింది. చరణం ఎత్తుకుంది. ఎక్కడా ఎడం లేదు. వరస మీద వరస వస్తూనే ఉంది, ఊపిరి ఎక్కడ పీల్చుకుంటుందో కూడా తెలియడం లేదు. ఈ పాట ఇంత బాగుంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. మేమంతా కలిసి దాన్ని ముక్కలు చేసుకొని పంచుకున్నాం గానీ ఎవరమూ మొత్తంగా వినలేదు. ఏడుపొచ్చింది. సంతోషంతోనే అనుకున్నాను, అది సగమే నిజం.

గేటు తోశాను. ఆ తుప్పు గేటు కిర్రుమంది. ప్రమీల కిటికీలోంచి నన్ను చూసింది. పాడుతున్న వరస పూర్తి చేసింది. ఆగింది. అరచేయి, చిటికెన వేలు, ఉంగరం వేలు, నడిమి వేలు.

మంగతాయారు గారు నా వైపు చూశారు. ఆ చూపు నాకు అర్థమైంది.

అయినా నాకు మొండితనం ఎక్కువ, ఒక్కసారికి నమ్మలేదు. మర్నాడు కూరగాయలకు పోతున్నానని చెప్పి పెరటి బావి వెనక కూర్చున్నాను. పిల్ల ఆగకుండా పాడింది. ఆ మర్నాడు గదిలోనే ఉంటానని చెప్పి చప్పుడు చేయకుండా కూర్చున్నాను. ప్రతి వరసకూ ఆగింది. ఇక చూడాల్సింది ఏమీ లేదు. ఆ రాత్రి వంటలో ఉప్పు రెండుసార్లు వేశాను.

తెల్లవారి మధ్యాహ్నం ప్రమీల నా పక్కన కూర్చొని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నేను చెప్పాను.

"ప్రమీలా, నేను ఊరికి పోత."

"ఎందుకత్తా? నాన్న రమ్మన్నడా?"

"లే. నేనే పోత."

"నువ్వు పోతే నాన్న నన్ను గూడ రమ్మంటడు."

"ఆయన సంగతి నేను చూస్కుంట."

పిల్ల చేట పక్కన పెట్టింది. "నేనేం తప్పు చేసిన?"

"తప్పేం చెయ్యలే. నేనుంటే నువ్వు ఆగుతున్నవ్. నేను లేకుంటే ఆగుతలేవ్. మూడు రోజుల సంది చూస్తున్న."

మొదట పిల్లకు కోపమొచ్చింది. బావి వెనక కూర్చొని దొంగచాటుగా విన్నానని నన్ను తిట్టింది. రేపట్నుంచి ఆగనని ఒట్టేసింది. అది నీ చేతిలో లేదే అన్నాను. కాసేపటికి తల దించుకొని మెల్లగా చెప్పింది.

"నువ్వు పాడకున్నా, ఆగిన కాడ నీ గొంతు వినబడుతదత్తా. అది లేకుంటే పాట ఒక్కదాన్నే మోస్తున్నట్టుంటది. భయమైతది."

"నాకు మాత్రం కాదా? నువ్వు లేకుంటే ఆ ఇంట్ల నాతోని మాట్లాడే మనిషెవరే?" అన్నాను. అనకూడదనుకున్నాను, వచ్చేసింది. ఇద్దరం ఏడ్చాం. తర్వాత రాళ్లు ఏరి, అన్నం వండుకొని తిన్నాం.

మంగతాయారు గారు పిల్లను తన గదిలోనే పడుకోబెట్టుకుంటానన్నారు. అన్నకు ఉత్తరం రాస్తానన్నారు. గేటు దాకా వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నారు. "మీ శ్రుతి చాలా మంచిదండీ రుక్మిణమ్మ గారూ" అన్నారు. పాతికేళ్లకు పైగా పాడుతున్నా నా శ్రుతి గురించి ఎవరూ మాట్లాడలేదు. రైల్లో దారి పొడుగునా ఆ ఒక్క మాటే నెమరేసుకున్నాను.

అన్న కల్లంలో ఉన్నాడు. ఎర్రటి కాయల మధ్య నిలబడి, నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు.

"పిల్లేది?"

"హైదరాబాదుల ఉన్నది."

"నేనేం చెప్పి పంపిన నీకు?"

"నువ్వు చెప్పింది యాదికున్నదన్నా. నేనే వినలే."

జీవితంలో అన్నకు ఎదురు చెప్పడం అదే మొదలు. అయినా అంతా చెప్పాను, గేటు, బావి, చివరిదాకా. పిల్లను తీసుకొస్తానని ఆయన మర్నాడే బయలుదేరతాడనుకున్నాను. బయలుదేరలేదు. నాతో మాట్లాడటమూ మానేశాడు. పదకొండో రోజు ఉత్తరం వచ్చింది. నెలాఖరు పరీక్షలో ప్రమీల మొత్తం కీర్తన ఆగకుండా పాడిందని, ఇక తన దగ్గరే ఉంటుందని మంగతాయారు గారు రాశారు. అన్న దాన్ని రెండుసార్లు చదివి జేబులో పెట్టుకున్నాడు. "కాఫీ పెట్టినవా రుక్మిణీ?" అన్నాడు. ఆయన దగ్గర అంతకంటే ఎక్కువ ఆశించకూడదు.

మండలి మాత్రం కుంటుపడింది. ముందు పాడే చాప ఖాళీ. అందరం కలిసి సంతలో అరిచినట్టు పాత భజనలు పాడుకునేవాళ్లం. నువ్వే కూర్చో అని ఆదెమ్మ, వజీర్ ఎన్నిసార్లు అడిగారో. అందుకోవడం నా పని, ఎత్తుకోవడం కాదు అనేదాన్ని. నిజానికి ఆ చాప పిల్లదనిపించేది. నిజానికి భయం కూడా.

రెండేళ్లు గడిచాయి. ప్రమీల సెలవులకు వచ్చేది, వెళ్లేది. ఒక జాబులో, ఫలానా శనివారం సాయంత్రం రేడియోలో తన పాట పావుగంట వస్తుందని రాసింది. వజీర్ తన కొట్లో రేడియోను దుప్పట్లో చుట్టి రామాలయానికి తెచ్చాడు. మండలి అంతా చుట్టూ కూర్చున్నాం. అన్న కూడా వచ్చాడు. మెట్టెక్కి, స్తంభం పక్కన నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

మా ప్రమీలారాణి పేరు రేడియోలో ఎవరో చక్కగా చదివారు. వయొలిన్ మొదలైంది. అదే మోహన, అదే కీర్తన. మొదటి వరస పాడింది. మేం పదకొండు మందిమీ ఒక్కసారి ఊపిరి పీల్చి నోళ్లు తెరిచాం. మరి అలవాటు కదా. అక్కడ ఎడం లేదు. రెండో వరస వచ్చేసింది. ఇంకో మెట్టు ఉందనుకొని కాలు వేసినట్టయింది అందరికీ. రెండోదాని చివర మళ్లీ పీల్చాం, మూడోది వచ్చేసింది. చరణానికి ముందు ఆమె ఊపిరి తీసుకునేంత సందులో వయొలిన్ సన్నగా అందుకుంది. ఆ చోటు నాది. ఆ వయొలిన్ మనిషి మీద నాకు కోపమొచ్చింది, దాచుకోవడమెందుకు. పాట చివరికొచ్చేసరికి కోపం లేదు. ఎక్కడా ఆగలేదు నా బిడ్డ. ఒక్కతే మోసింది.

వజీర్ రేడియో కట్టేశాడు. దూలయ్య డోలక్ తాళ్లు బిగిస్తూ గొణిగాడు.

"మనకు ఎడమియ్యలే పిల్ల. మనల్ని మర్చిపోయింది."

"ఎడమియ్యొద్దనే గద నేను దాన్ని ఇడిసిపెట్టి వచ్చింది. నోర్మూసుకొని వాయించు" అన్నాను.

"ఏం వాయించాలె? పాడేదెవరు?"

లేచాను. లేచినదాన్ని వెనక్కి కూర్చోలేక వెళ్లి ముందు చాప మీద కూర్చున్నాను. వజీర్ గబగబా హార్మోనియం తెరిచాడు. మోహన ఎత్తుకున్నాను. అందుకునేటప్పుడు దారి ముందే వేసి ఉంటుంది, ఎత్తుకునేటప్పుడు ఏదీ ఉండదని అప్పుడే తెలిసింది. గొంతు వణికింది. వరస చివరికి ఊపిరి అయిపోయింది. ఆగాను. చేత్తో తాళం వేస్తున్నాను.

ఎవరూ పాడలేదు. వాళ్ల తప్పు కాదు. ముందుగా నోరు తెరిచే మనిషి ఇప్పుడు ఈ చాప మీద కూర్చుంది, మరి వాళ్లను నడిపేదెవరు? చిటికెన వేలు మడిచాను. ఉంగరం వేలు మడిచాను. నడిమి వేలి దగ్గరికి వచ్చేసరికి పిల్ల హాల్లో ఒంటరిగా కూర్చొని వేసిన తాళం గుర్తొచ్చింది.

అప్పుడు స్తంభం పక్కనుంచి ఒక గొంతు లేచింది. బండగొంతు, శ్రుతికి బెత్తెడు పక్కన. అయినా ఒక్క మాట తప్పు లేదు. రెండేళ్లుగా నేను వంటింట్లో పాడుకుంటుంటే, అంతకుముందు పిల్ల పెరట్లో పాడుకుంటుంటే విని నేర్చినట్టుంది. అన్న స్తంభాన్ని పట్టుకొని, ఎవరి వైపూ చూడకుండా ఆ వరస పాడుతున్నాడు. ఆదెమ్మ ఆయన వెనక కలిసింది. పోతయ్య కలిశాడు. దూలయ్య దరువు సరిచేశాడు. తర్వాత అందరూ కలిశారు.

వాళ్లు పాడుతున్నంతసేపూ నేను ఊపిరి పీల్చుకున్నాను. పిల్ల దీన్ని ఎందుకు వదులుకోలేకపోయిందో, వదులుకోవడానికి ఎంత కష్టపడి ఉంటుందో అప్పుడు తెలిసింది. కళ్లు తుడుచుకొని రెండో వరస ఎత్తుకున్నాను.